గోదాము కింద డ్రమ్ములు

ఆ గోదాము మెట్ల దగ్గర చీకటి పడ్డాక ఎవరూ నిలబడరు. లారీల వాళ్లు రసీదు మీద సంతకం కూడా ఎదురుగా వీధి దీపం కిందికి పిలిచి పెట్టించుకుంటారు. పగలు వెళ్లి చూస్తే ఏముంది అక్కడ? పైన అట్టపెట్టెలు. పక్కనుంచి కిందికి పదిహేడు మెట్లు. మెట్ల చివర ఒక ఇనప తలుపు, దాని వెనక కిటికీ లేని గది.

ఆ తలుపు వెనక… రాత్రిపూట డ్రమ్ములు మోగుతాయి.

నా చెవులతో విన్నానని చెప్పను. దేవుడు పైనుంచి చూస్తున్నాడు, అబద్ధం ఎందుకు? విన్నవాళ్లు చెప్పారు, నేను విన్నాను, ఇప్పుడు మీరు వింటున్నారు.

గోదాము వాచ్‌మన్‌ని అడిగితే గొంతు తగ్గించి చెప్తాడు. “మూడేళ్ల కిందట మొదలైందండీ. కొన్నాళ్లు మోగింది, ఆగింది. పోయిందిలే పీడ అనుకున్నాను. ఇదిగో, ఈ వారం మళ్లీ…”

“ఎవరైనా వాయిస్తున్నారేమో చూడకపోయావా?”

“మనిషి వాయించేది కాదండీ అది. ఒకటే ముక్క. రాత్రికి వందసార్లు. మనిషికైతే విసుగు పుట్టదా?”

ఆ గది ఎవరిదో ఊళ్లో అందరికీ తెలుసు. ముప్పై ఏళ్ల కిందట నలుగురు కుర్రాళ్లు మోత తగ్గడానికి దాని గోడలకి కోడిగుడ్ల అట్టలు అతికించి, అందులో రాక్ బ్యాండు మొదలుపెట్టారు. గిటారు పెద్దన్నది. డ్రమ్ములు అతని తమ్ముడు చిన్నోడివి. బేసు గిటారు వాయించేది వాళ్ల అక్క మొగుడు. ఇక పాడేవాడొకడు. ఆ పాటలు వింటూ పెళ్లిళ్లు చేసుకున్నవాళ్లున్నారు, అవే పాటలు వింటూ విడిపోయినవాళ్లూ ఉన్నారు.

అన్నింట్లోకీ ఒక పెద్ద పాట ఉంది. దాని మధ్యలో అందరూ ఆగిపోతారు. గిటారు ఒక్కటే ఏడుస్తుంది… సన్నగా, పైపైన, చాలాసేపు. అదీ ఆగుతుంది. ఒక్క ఊపిరంత నిశ్శబ్దం. అప్పుడు డ్రమ్ము, గిటారు కలిసి ఒక్కసారిగా మీద పడాలి. ఆ దెబ్బ కోసమే జనం అంతసేపూ నిలబడేది.

ఎనిమిదేళ్ల కిందట ఆ నిశ్శబ్దం సాగడం మొదలుపెట్టింది. ఒక ఊపిరి ఒకటిన్నర అయింది. ఒకటిన్నర రెండయింది. డ్రమ్ము ముందుండి నడిపించాలి, మిగతావాళ్లు దాని వెనక రావాలి… అదీ లెక్క. అందుకని తప్పు చిన్నోడిదే అయింది.

ఒక రాత్రి, కిక్కిరిసిన మైదానంలో, పెద్దన్న పాట మధ్యలో వెనక్కి తిరిగాడు. మైకు ముందే అన్నాడు.

“చేతకాకపోతే దిగరా!”

చిన్నోడు పుల్లలు రెండూ స్టూలు మీద పెట్టాడు. అన్న ముఖం వంక ఒక్కసారి చూశాడు. ఏమీ అనలేదు… దిగి వెళ్లిపోయాడు.

బ్యాండు ఆ రాత్రితో సరి. అన్నదమ్ముల మధ్య మాటలూ ఆ రాత్రితోనే సరి. ఆరేళ్ల తర్వాత చిన్నోడి గుండె మొరాయించిందని కబురొస్తే పెద్దన్న ఆస్పత్రికి పరిగెత్తాడు. వార్డు గుమ్మం దగ్గర మరదలు, చిన్నోడి భార్య, అడ్డంగా నిలబడి ఉంది. “ఇప్పుడే పోయారు, బావగారూ,” అంది. అంతే.

అప్పట్నుంచీ ఆయన రాత్రి పడుకునే ముందు దేవుణ్ని ఒక్కటే అడిగేవాడు. ఇల్లు కాదు, ఆరోగ్యం కాదు. ‘స్వామీ, వాడు ఎందుకు ఆలస్యం చేశాడు? ఆ రోజు నాకు ఎందుకు జవాబు చెప్పలేదు? ఒక్కసారి వాడి నోటితో విననీ.’

ఇంతలో బ్యాండుని మళ్లీ చూడాలని జనం పట్టుబట్టారు. పాడేవాడికి గొంతు పోయింది కాబట్టి ఆ చోటికి ఒక పళ్ల డాక్టరు వచ్చాడు. పగలంతా ఊళ్లోవాళ్ల నోళ్లు తెరిపించి, సాయంత్రం తన నోరు తెరిచేవాడు. బాగానే పాడేవాడు పాపం. చిన్నోడి స్టూలు మీదికి ఒక అమ్మాయి వచ్చింది. పగలు కొరియర్ ఆఫీసులో పార్శిళ్లు వేరు చేసే పని. సన్నగా ఉండేది కానీ, కొడితే గోడల మీద గుడ్ల అట్టలు ఊడి పడేవి.

శనివారం ప్రదర్శన. గురువారం సాయంత్రం ఆ గదిలోనే చివరి రిహార్సల్. పెద్ద పాట వచ్చింది. గిటారు ఏడ్చింది. ఆగింది. ఒక్క ఊపిరి… దబ్బున డ్రమ్ము పడింది. దాని వెనకాల ఎప్పటికో గిటారు పడింది, మెట్టు తప్పినవాడిలా.

పెద్దన్న గిర్రున తిరిగాడు. “ఏమిటా తొందర? రైలు పోతోందా?”

“రికార్డులో ఉన్నట్టే కొట్టాను సార్.”

“రికార్డు సంగతి నాకు చెప్తావా? వాడేమో ఆలస్యం, నువ్వేమో తొందర. ఆ స్టూలుకే ఏదో పట్టుకున్నట్టుంది!”

బేసాయన నెమ్మదిగా అన్నాడు. “అమ్మాయి కొట్టింది సరిగ్గానే ఉందేమో, బావా…”

“నువ్వు నీ నాలుగు తీగలు చూసుకో బావా. నాలుగే కదా.”

బేసాయన నిజంగానే తన తీగలు చూసుకుంటూ కూర్చున్నాడు. అమ్మాయి కళ్లు తుడుచుకుని సంచి సర్దుకుంది. “శనివారం కూడా ఇలాగే అయితే పాటే తీసేద్దాం,” అన్నాడు పెద్దన్న. అన్నాడే గానీ, ఆయనకీ తెలుసు. ఆ పాట లేకపోతే ఆ బ్యాండు దేనికి?

అందరూ వెళ్లాక మెట్లెక్కుతుంటే వాచ్‌మన్ ఎదురొచ్చి ఈ వారం మోగుతున్న డ్రమ్ముల సంగతి చెప్పాడు.

వేరే ఎవరైనా అయితే ఆ రాత్రి దుప్పటి ముసుగు పెట్టుకునేవారు. నేనైతే ఖచ్చితంగా పెట్టుకునేవాణ్ని. పెద్దన్న మాత్రం పదకొండు దాటాక చెప్పులేసుకున్నాడు. దెయ్యమైనా సరే… వాడైతే చాలు.

“వద్దు సార్,” అన్నాడు వాచ్‌మన్, గేటు దగ్గరే నిలబడిపోయి. “మొదలైంది… వినబడుతోందా?”

వినబడుతోంది. నేల కిందనుంచి, అరికాళ్లలోకి.

దేవుణ్ని తలుచుకుని పెద్దన్న మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. దీపం వెయ్యలేదు. వేస్తే వాడు వెళ్లిపోతాడేమోనని భయం. ఒక్కో మెట్టూ దిగుతుంటే చలి పెరుగుతోంది. ఎనిమిదో మెట్టు… తొమ్మిది…

డ్రమ్ములు ఆగిపోయాయి.

గిటారు మొదలైంది.

పెద్దన్న చెయ్యి గోడకి అతుక్కుపోయింది. ఆ గిటారు ఆయనదే! ఆ ఏడుపు ఆయన వేళ్లదే, ఎనిమిదేళ్ల కిందటిది. కానీ ఆయన ఇక్కడ, మెట్ల మీద ఉన్నాడు. గిటారు ఇంట్లో, పెట్టెలో ఉంది…

ఏడుపు సన్నబడింది. ఆగింది.

ఒక ఊపిరి. ఏమీ లేదు.

ఒకటిన్నర…

అప్పుడు పడింది దెబ్బ. ఆలస్యంగా. అచ్చం చిన్నోడిలా.

ఆ వెంటనే చీకట్లో గొంతు. బొంగురుగా, నవ్వు కలిసిన గొంతు.

“ఊఁ. మళ్లీ.”

పెద్దన్న ఆ మెట్టు మీదే కూర్చుండిపోయాడు. కూర్చునే, ఒక్కో మెట్టూ కిందికి జారాడు. చివరి మెట్టు. ఇనప తలుపు బెత్తెడు తెరిచి ఉంది. ఆ సందులోంచి పల్చగా ఒక వెలుగు…

కన్ను ఆనించాడు.

నేల మీద టార్చి వెలుగుతున్న ఫోను. డ్రమ్ముల వెనక చెమటలు కక్కుతూ కొరియర్ అమ్మాయి. ఆ పక్కన కుర్చీలో, ఒళ్లో పాత టేపురికార్డరు పెట్టుకుని… మరదలు.

“మొదట్నుంచీ ఇంకోసారి వెయ్యనా అమ్మా?” అంది మరదలు.

“వెయ్యండి ఆంటీ. వారం రోజుల్నుంచీ రాత్రిళ్లు వాచ్‌మన్ కంటబడకుండా వచ్చి, ఒక్కదాన్నే ఈ ముక్క కొట్టుకుంటున్నా. ముందే మీ దగ్గరికి రావాల్సింది.”

“నువ్వొస్తావనే ఎదురు చూస్తున్నా. ఆఖరి ఏడాది ఈయన రాత్రిళ్లు ఎవరికీ తెలీకుండా ఇక్కడికొచ్చి, పాత ప్రదర్శనల్లో వాళ్లన్నయ్య గిటారు పెట్టుకుని కొడుతూ, ఇందులో మాట్లాడుతూ ఉండేవారు. గుండె బాగాలేదు వద్దండీ అంటే వినేవారా? ‘నా తర్వాత ఆ స్టూలు మీద ఎవరు కూర్చుంటే వాళ్లకి ఈ టేపు ఇవ్వు’ అన్నారు.”

బయట పెద్దన్న గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. దెయ్యమూ కాదు, ఏమీ కాదు. మరదలు పట్టుకొచ్చిన టేపు. నవ్వొచ్చింది… నవ్వులో సగం ఏడుపే. తలుపు తోసి లోపలికి వెళ్దామని చెయ్యి ఎత్తాడు.

టేపు తిరిగింది.

“నువ్వెవరో నాకు తెలీదు,” అన్నాడు చిన్నోడు. “నా స్టూలు మీద కూర్చున్నావంటే నా మనిషివే. అన్నయ్య మళ్లీ బ్యాండు పెడతాడు, పెట్టకుండా ఉండలేడు. జాగ్రత్తగా విను. పెద్ద పాటలో లెక్క పెట్టుకోకు. కళ్లెత్తి అన్నయ్య ఎడమ భుజం చూడు. గిటారు మీద పైనుంచి కిందికి చెయ్యి తేవాలి కదా, అక్కడ ఆయన వేళ్లు బిగుసుకుపోతున్నాయి. రావాల్సిన టైముకి రావట్లేదు. ఆయనకి తెలీదు. మనకి వీపు పెట్టి నిలబడతాడు కాబట్టి మనం చూస్తామని కూడా తెలీదు. భుజం దిగిందాకా ఆగు. దిగాక కొట్టు. అప్పుడు ఇద్దరూ కలిసే పడతారు.”

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. అది ఎడమ చెయ్యే. పెద్దన్న ఆ చీకట్లో దాన్ని పిడికిలి బిగించాడు. విప్పాడు. నాలుగు వేళ్లు విచ్చుకున్నాయి. ఉంగరపు వేలు విచ్చుకోలేదు… కాసేపటికి, ఎవరో బతిమాలినట్టు, లేచింది.

అడిగినదానికి దేవుడు జవాబివ్వడని మాత్రం ఎవరూ అనకండి.

లోపల అమ్మాయి అంటోంది. “ఆలస్యం చేశానని సార్ నన్నూ దింపేస్తే ఆంటీ?”

మరదలు టేపురికార్డరు వైపు చూపించింది. టేపు ఇంకా తిరుగుతూనే ఉంది.

“తిడతాడు,” అన్నాడు చిన్నోడు, నవ్వి, కొంచెం దగ్గి. “అందరి ముందూ తిడతాడు. ఆలస్యం నీదే అంటాడు. అననీ. నన్నూ అన్నాడు. ఆ వేళ్లు పోయాయని తెలిస్తే అన్నయ్య ఇంక గిటారు ముట్టడు. గిటారు ముట్టకపోతే అన్నయ్య లేడు. అందుకని… చెప్పకమ్మా, ఎవరివైనా సరే. అన్నయ్యకి మాత్రం చెప్పకు.”

“చెప్పను సార్,” అంది అమ్మాయి, ఆ టేపుతో.