కావాలనే ఫెయిల్

"వినోద్‌కుమార్, మళ్లీ ఫెయిల్!"

మంజుల మేడం కళ్లెర్రజేసింది. వినోద్‌కు ఆ కళ్లు అలా కూడా అందంగానే కనిపించాయి. పిచ్చి ముదిరితే అంతే మరి.

బాన్సువాడలో వెంకటేశం సేటు తన రైస్‌మిల్లుకు బియ్యంలో నల్లగింజలు ఏరే కెమెరా మిషన్ తెచ్చాడు. పనివాళ్లకు దాన్ని నేర్పే బాధ్యత నిజామాబాద్‌లోని ఒక ట్రైనింగ్ కంపెనీకి అప్పగించాడు. ఆ కంపెనీ పంపిన ట్రైనరే మంజుల. ఆమెది జుక్కల్ వైపు తండా, వినోద్‌ది కోటగిరి వైపు తండా. అందరూ పాసైతే ఆమె వెళ్లిపోతుంది. అందరూ పాసయ్యారు, వినోద్ తప్ప.

"మిషన్ ఆపాలంటే ఏ బటన్ నొక్కాలె?"

"పచ్చది మేడం."

"ఎర్రది! చిన్నపిల్లలకు గూడ తెలుసు."

"మీరు ఇంకోపారి చెప్తే నాకు గూడ తెలుస్తది మేడం."

బయట వాన పడుతోంది. ఆమె నవ్వాపుకోవడానికి వానకేసి చూసింది. మనవాడికి ఇక ఆ పూట అన్నం కూడా అక్కర్లేదు.

అప్పుడే గొడుగు దులుపుకుంటూ సేటు వచ్చాడు. "ఏందమ్మా, ఒక్కనికి నేర్పలేకపోతున్నవ్? మీ కంపెనీకి ఫోన్ జేస్త, ఇంకొకర్ని పంపుమంట."

మంజుల ముఖం పాలిపోయింది. "గట్ల చెయ్యకుండ్రి సేట్. ఇదే నా మొదటి ట్రైనింగ్. నౌకరీ పోతది."

వినోద్‌కు అప్పుడర్థమైంది. ఆమెను ఆపుదామనుకుని ఆమె పొట్టమీదే కొట్టాడు! పరుగున వెళ్లి మిషన్ ఆన్ చేశాడు. వేగం సరిచేసి, వేరుపడ్డ నల్లగింజలు సేటు చేతిలో పోసి, ఎర్రబటన్ నొక్కి ఆపాడు.

"మేడం మంచిగనే నేర్పింది సేట్. నేనే కావాలని ఫెయిలైన. తీసేస్తే నన్ను తీసెయ్యిండ్రి."

"ఎందుకురా గట్ల జేసినవ్?"

"పాసైతే మేడం పోతది. ఆమె పోతే నాకు మిల్లుల మనసున పట్టది."

సేటు ముందు నోరెళ్లబెట్టాడు, తర్వాత పకపకా నవ్వాడు. "నీ ప్రేమకు నా మిల్లే దొరికిందారా! పోయి పని జూస్కో. ఫోన్ గీన్ ఏం చెయ్యనమ్మా, ఫికర్ చెయ్యకు" అంటూ లోపలికి నడిచాడు.

మంజుల మాత్రం నవ్వలేదు. "నా నౌకరీతోని ఆటలాడినవా?"

"తప్పయింది మేడం. మీ కష్టం నాకు తెల్వలే."

ఆమె మళ్లీ వానకేసి చూసింది. తర్వాత తల వంచుకుని అడిగింది.

"మేము రాథోడ్లం. మీరు?"

వాళ్ల తండాల్లో ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్ల వరస, పెళ్లి మాటే ఉండదు. ఆ సంగతి తెలిసిన వినోద్‌కు ఒళ్లంతా పులకరించింది.

"పవార్లం!"

"అయితే ఆదివారం మా తండాకు రా. ఒక్కనివే రాకు, మీ అమ్మను గూడ తోల్కరా."