ఎముకల గుడిలో నీలం ముడి

ఆగస్టు మధ్యాహ్నాల్లో ఆ ఊళ్ళో కుక్క కూడా వీధి దాటదు. జనమంతా కిటికీ రెక్కలు దగ్గరగా వేసుకుని చల్లటి రాతి నేల మీద పడుకుంటారు. వెల్ల వేసిన గోడల మీద ఎండ పడి కళ్ళు పొడుస్తుంది. ఊరు దాటించే వంతెన అవతల, గుట్ట మీద సీసా బిరడాలు చేసే కార్క్ చెట్లు, కొత్తగా బెరడు ఒలిచిన మొదళ్ళతో, మోకాళ్ళు దోక్కుపోయినట్టు ఎర్రగా నిలబడి ఉంటాయి.

ఆ వేళప్పుడు ఇదలీనా గొర్రెల కత్తెర చంకన పెట్టుకుని, నెత్తిన గుడ్డ కూడా లేకుండా, ఎముకల గుడివైపు నడుస్తోంది. గుళ్ళోకి ఆడది తల కప్పుకోకుండా వెళ్ళకూడదు. ఆ సంగతి తెలిసే గుడ్డ ఇంట్లో వదిలి వచ్చింది.

ఎముకల గుడి పెద్ద చర్చి పక్కన గోడకి గోడ ఆనుకుని ఉంటుంది. ఎప్పటివాళ్ళో సన్యాసులు, తెగులొచ్చి పోయిన ఊరివాళ్ళు, లోపల గోడల నిండా వాళ్ళే. తొడ ఎముకలు మొనలు బయటికి పెట్టి, పుర్రెలు వరసగా పేర్చి, సున్నంతో కట్టారు. ఊళ్ళో ప్రతి పెళ్ళికూతురూ పెళ్ళికి ముందు తన జడ కోసి అక్కడ కొక్కేనికి కట్టాలి. ఏ ఇంటి ఆడవాళ్ళు ఆ ఇంటి రంగు ఉన్నితో, ఆ ఇంటి ముడితో కట్టాలి. ఇదలీనా అత్తవారిది నీలం ఉన్ని, ఉన్ని మూటలకి వేసే రెండు చుట్ల ముడి.

"జడ ఇచ్చిన ఆడది ఇల్లు విడవదు" అని పెద్దవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు.

ఇదలీనా జడా అక్కడే ఉంది. మొగుడు చచ్చిపోయిన ఏడాది తనకి లిస్బన్ పట్నంలో పని దొరికి పెట్టె సర్దుకు బయల్దేరితే, వంతెన మధ్యలో ఎవరో కుదుళ్ళతో సహా జుట్టు గుంజినట్టై కుప్పకూలింది. ఎండదెబ్బ అన్నారు. సరే అనుకుంది. మళ్ళీ వంతెన ఎక్కలేదు. అత్త వంటింట్లో అత్త స్టూలు పక్కనే స్టూలు వేసుకుని, ఊరివాళ్ళ గొర్రెలకి బొచ్చు కత్తిరిస్తూ బతికేసింది.

నిన్న కూతురు ఒతీలియా, కాబోయే మొగుడు నార్సీసోతో పెళ్ళి బూట్లు కొనుక్కోడానికి బస్సెక్కింది. వంతెన మధ్యకి వచ్చేసరికి ఆ పిల్ల అరిచిన అరుపుకి డ్రైవరు బస్సాపేశాడు. దింపి ఊరివైపు నడిపించగానే తేరుకుంది.

ఇంటికి రాగానే ఇదలీనా దాని తలగుడ్డ లాగి చూసింది. "జడేదే?"

"నాయనమ్మ అడిగింది, ఇచ్చాను. తనే మనింటి ముడేసి కట్టింది. జుట్టే కదమ్మా. పెరగదా ఏం?"

శనివారం పెళ్ళి. ఆదివారం ఇద్దరూ సెతూబల్ వెళ్ళాలి, నార్సీసోకి అక్కడ రేవులో ఓడలు బాగుచేసే పని. ఆ జడ లోపలే ఉంటే వెళ్ళేది నార్సీసో ఒక్కడే. వంటింట్లో మూడో స్టూలు పడుతుంది.

గుడి మెట్టు మీద, నీడలో, అత్త ఫెలిస్బేలా కూర్చుని ఉంది. ఎముకల దుమ్ము దులిపేదీ, తాళంచెవి దాచేదీ ఆవిడే.

"నెత్తిన గుడ్డేదీ?" అంది కళ్ళు తెరవకుండానే.

"తాళంచెవి ఇలా ఇవ్వత్తా."

"మధ్యాహ్నం పూట వాళ్ళ నిద్ర చెడగొట్టకూడదు."

"వాళ్ళు నిద్రపోయి ఎంత కాలమైంది? నిన్న నా పిల్ల జుట్టు పట్టుకు గుంజినప్పుడు మెలకువగానే ఉన్నారుగా."

ఫెలిస్బేలా కళ్ళు తెరిచింది. "నా జడ ఉంది. నీ జడ ఉంది. చచ్చామా?"

"బతికామా?"

ముసలావిడ నడుముకి వేలాడే తాళంచెవిని పిడికిట పట్టుకుంది. తర్వాత గొంతు తగ్గించి, "అది వెళ్ళిపోతే ఇంట్లో మనిద్దరమే మిగులుతామే" అంది.

"మిగులుదాం. ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుందాం. మనకి కొత్తా?"

ఇదలీనా వంగి, ఆవిడ నడుముకి కట్టిన తాడు కత్తెరతో పుటుక్కున తెంచి తాళంచెవి తీసుకుంది. అత్త ఆపలేదు. చెయ్యి మాత్రం అలవాటుగా, ఎప్పుడో జడ ఉన్న మెడ వెనక్కి పోయింది.

తలుపు తెరుచుకుంది. ఇదలీనా లోపలికి అడుగు పెట్టగానే దాని బరువుకి అదే మూసుకుంది.

చీకటి. అంత ఎండలోంచి వచ్చిన కళ్ళకి ముందు ఏమీ ఆనలేదు. పాత సున్నం వాసన. కరిగి గడ్డకట్టిన మైనం వాసన. దాని కింద ఇంకోటి... తలకి రాసిన ఆలివ్ నూనె వాసన. అప్పుడే దువ్వుకుని లేచినంత తాజాగా ఉంది. పైన గుప్పెడంత కిటికీ. దాంట్లోంచి పడే వెలుగు సగం దూరంలోనే ఆగిపోతోంది. మెల్లిగా గోడలు తేలాయి. పుర్రెలు, వాటి కింద పుర్రెలు. అన్నీ ఒకే వైపు చూస్తున్నాయి. తలుపు వైపు.

"ఏం చూస్తారు?" అంది ఇదలీనా. "మీకు జుట్టు లేదని ఊరందరి జుట్టూ తెచ్చి పెట్టుకుంటారా? సిగ్గు లేదూ?"

ఎక్కడో సున్నం రాలింది. సన్నగా, గోడ లోపల.

కొక్కేలు ఎదురుగా కమాను కింద ఉన్నాయి. రంగులు తెలియడం లేదు. నీలమైనా ఎరుపైనా అన్నీ నల్లగానే ఉన్నాయి. అందుకని చేత్తో వెతికింది. ముడి తడిమితే చాలు, తనింటిదేదో వేళ్ళకి తెలుస్తుంది. ఒక జడ, ఎండుగడ్డిలా ఉంది. కాదు. ఇంకోటి, దుమ్ము పట్టింది. కాదు. మరోటి...

వెచ్చగా ఉంది.

చెయ్యి వెనక్కి తీసుకోలేదు. రెండు చుట్ల ముడి. పొద్దున లేపేటప్పుడు ఒతీలియా మెడ ఎంత వెచ్చగా ఉంటుందో అంతే వెచ్చగా ఉంది. ఇదలీనా కత్తెర తెరిచి, కొక్కేనికీ జడకీ మధ్య ఉన్న ఉన్ని మీద పెట్టింది.

జడ పైకి జరిగింది.

కొంచెమే... బెత్తెడు.

"ఓహో" అంది ఇదలీనా. "లాగుతారా? లాగండి. నేను పొట్టేళ్ళని పట్టినదాన్ని."

జడని మోచేతికి చుట్టుకుని కిందికి లాగింది. పైనుంచి గుంజారు. తన వేళ్ళ మీద వేరే వేళ్ళు పడ్డాయి... సన్నగా, పొడిగా, మాంసం లేకుండా. ఆమె మోకాలు గోడకి తన్నిపెట్టి, కత్తెర నొక్కింది.

కరక్.

నూనె వాసన గుప్పున కొట్టింది. కమాను కింద జడలన్నీ ఒక్కసారి ఊగాయి. గాలి లేదు. పుర్రెలు... పుర్రెలు ఇప్పుడు తలుపు వైపు చూడటం లేదు.

అక్కడితో ఆగి బయటికి పరిగెత్తొచ్చు. కానీ ఒక్క గొర్రెకి కత్తిరించి మందని వదిలెయ్యడం ఆమెకి చేతకాదు. రెండో చేత్తో మళ్ళీ తడిమింది. రెండు చుట్ల ముడి, కరక్. తన సొంత నెత్తి భగ్గుమంది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది తనదన్నమాట. ఇంకో రెండు చుట్ల ముడి, కరక్. బయట మెట్టు మీద అత్త మూలిగింది. ఏదో తన పాదాన్ని పట్టుకుంది. విదిలించుకుంది. చేతికి ఆ ముడి ఎక్కడ తగిలితే అక్కడ కత్తిరించింది. కత్తిరించినవన్నీ ఏప్రన్‌లోకి దోపుకుంది. తలుపు దాకా వెనక్కి నడిచింది, వాళ్ళని సూటిగా చూస్తూ. గుళ్ళో వాళ్ళకి మర్యాదగా అలాగే నడుస్తారు అందరూ. ఆమె మాత్రం వీపు చూపించడం ఇష్టంలేక నడిచింది.

బయట ఫెలిస్బేలా రెండు చేతులతో తల పట్టుకుని ఉంది.

"ఏమైందత్తా?"

"నొప్పి పోయిందే" అంది ముసలావిడ, నమ్మలేనట్టు. "పెళ్ళైనప్పటినుంచీ ఉన్న నొప్పి. అది నొప్పని కూడా మర్చిపోయాను." అని వంతెన దారి వైపు తిరిగి చూస్తూ కూర్చుంది.

ఇదలీనా ఇంటికి వెళ్ళి కూతుర్ని చెయ్యి పట్టుకు లేపింది. ఎందుకని అడిగినా చెప్పకుండా, ఎండలో వంతెన దాకా నడిపించుకెళ్ళింది.

"నడు."

"అమ్మా, భయంగా ఉంది."

"భయపడుతూనే నడు."

ఒతీలియా నడిచింది. మధ్యకి వచ్చి ఆగింది. తల తడుముకుంది. ఇంకో అడుగు వేసింది, ఇంకోటి. అవతలి గట్టు మీదికి చేరి, ఒలిచిన కార్క్ చెట్టుని కావిలించుకుని పకపకా నవ్వింది. "ఏం లేదమ్మా. ఏమీ లేదు. నువ్వూ రా."

ఇదలీనా వంతెన మధ్య దాకా వెళ్ళింది. జుట్టుని ఎవరూ గుంజలేదు. నదిలో పారేద్దామని ఏప్రన్ విప్పింది. ఎండుగడ్డిలాంటి పాత తరాల జడలు ముందు పారేసింది.

అత్తది, పలచటి గోధుమరంగు జడ. నీళ్ళల్లో పారేసింది. తనది, నల్లగా ఒత్తుగా, ఇప్పటి తన తలతో పోలికే లేనిది. పారేసింది. ఒతీలియాది పారేసింది. అదింకా వెచ్చగానే ఉంది.

ఏప్రన్ మడతలో ఇంకోటి ఉంది.

చిటికెన వేలంత జడ. పట్టుకంటే మెత్తటి వెంట్రుకలు. వాటికి నీలం ఉన్ని, కొత్తది, రెండు చుట్ల ముడి.

ఇదలీనా తలెత్తింది. నవ్వుతూ ఇటే వస్తున్న కూతురు, తల్లి చేతిలో ఉన్నది చూసి ఆగిపోయింది. దాని చెయ్యి పొత్తికడుపు మీదికి వెళ్ళింది.

"నీకెవరు చెప్పారమ్మా?" అంది గుసగుసగా. "నార్సీసోకి కూడా ఇంకా చెప్పలేదు."

ఇదలీనా ఆ జడని పిడికిట్లో బిగించింది. ఊరివైపు తిరిగి, ఎముకల గుడి కప్పు కేసి చూసింది. "ఇది నా దగ్గరే ఉంటుంది" అంది. "కావాలంటే వచ్చి అడగండి."

తర్వాత పిడికిలి కాస్త తెరిచి, వెంట్రుకల కొసలు బొటనవేలితో తడిమింది. కత్తెర పడిన బొచ్చు కొస మొద్దుగా ఉంటుంది, పుట్టాక ఒక్కసారీ కత్తెర పడని గొర్రెపిల్ల బొచ్చు సూదిలా సన్నబడుతుంది. కళ్ళు మూసుకున్నా ఆమె వేళ్ళు పొరబడవు. ఈ కొస సన్నగా ఉంది. తిప్పి ఆ కొసా చూసింది. అదీ సన్నగానే ఉంది.

దీన్ని ఎవరి తల మీంచీ కొయ్యలేదు, ఆ గోడల్లోనే మొలిచింది.