గీత కొట్టని పేరు

మా చర్చి పాత పుస్తకాల గది తాళంచెవి ఇరవై రెండేళ్లుగా నా దగ్గరే ఉంది. నా పేరు గుద్రూన్. స్మోలాండ్ అడవుల మధ్య ఊరు మాది. వేసవి వస్తే చాలు, అమెరికా నుంచి జనం దిగిపోతారు, మా తాతది ఏ ఇల్లు, మా అవ్వది ఏ పొలం అంటూ. అందరికీ జమీందారు తాతే కావాలి. నేనేమో ఒక గుడిసె, ఎనిమిదిమంది పిల్లలు, ఒక ఆవు చూపిస్తాను. "ఇంతేనా?" అని మొహం వేలాడేస్తారు. ఇంతే నాయనా! ఇంతకన్నా ఉంటే మీ తాత ఓడెందుకు ఎక్కుతాడు?

నాకొక నియమం ఉంది. చావుల పుస్తకం చూడకుండా ఎవరికీ పేరు చెప్పను. వెనకటికి మా వైపు బిడ్డ పోతే, తర్వాత పుట్టిన బిడ్డకి అదే పేరు పెట్టేవాళ్లు. ఒకే ఇంట్లో ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు తేలతారు. తొందరపడితే చచ్చిపోయిన పసిదాన్ని చూపించి, ఇదిగో మీ అవ్వ అనేస్తాం. ఆ నియమం ఒక్కసారే తప్పాను.

వెండెల్ సాండీన్ డిసెంబర్‌లో వచ్చాడు. అరవై దాటిన మనిషి, మిన్నెసోటాలో పాడి రైతు. మధ్యాహ్నం మూడు కూడా కాలేదు, బయట అప్పుడే చీకటి పడుతోంది. టోపీ మీద మంచు దులపకుండానే మొదలుపెట్టాడు.

"మా ముత్తవ్వ సమాధి మీద 'అమ్మ' అని తప్ప ఇంకేమీ లేదండీ. ఆవిడ పేరు ఇంట్లో ఒక్కరికీ తెలీదు. నిన్న రాత్రి మా అమ్మాయి జానిన్‌కి ఆడపిల్ల పుట్టింది, రెండు వారాలు ముందే. ఆ పేరు దొరికితే పిల్లకి పెడతామని కూర్చున్నారు."

"ఏ ఇల్లో తెలుసా?"

"బ్యోర్నరీద. తండ్రి నీల్స్. పద్దెనిమిది వందల ఎనభై ఆరులో వచ్చేసిందట."

అది చాలు. ఆ రోజుల్లో పాస్టరు ఏటా ఇంటింటికీ వెళ్లి, ఎవరు చదవగలరో ఎవరు చదవలేరో పరీక్షపెట్టి ఇంటి పుస్తకంలో మార్కులు వేసేవాడు. మనిషి పోతే పేరు మీద గీత కొట్టేవాడు. ఊరొదిలి వెళ్తే పక్కన రాసేవాడు. పేజీ తీశాను. పై వరసలోనే ఉంది. సిస్సా, నీల్స్ కూతురు, ఉత్తర అమెరికాకి, 1886.

"సిస్సా," అన్నాను.

అంత పెద్ద మనిషీ టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని బావురుమన్నాడు. నాకూ కళ్లు చెమర్చాయి, అబద్ధమెందుకు. కాఫీ పొయ్యి మీద పెట్టడానికి లేచాను. ఈలోగా అతను కూతురికి కబురు పంపేశాడు. కాఫీ పొంగేలోగా జవాబొచ్చింది. పేరు బాగుంది నాన్నా, ఆసుపత్రి కాగితం మీద రాసిచ్చేశాం.

అప్పుడు గుర్తొచ్చింది నాకు చావుల పుస్తకం.

ఏముందిలే అనుకుంటూనే తీశాను. సిస్సా, నీల్స్ కూతురు, వయసు తొమ్మిది రోజులు. కింద, రెండేళ్లకి... సిస్సా, తొమ్మిది రోజులు. మరో రెండేళ్లకి... సిస్సా. తొమ్మిది రోజులు. జబ్బు పేరు రాయాల్సిన చోట మూడుసార్లూ ఖాళీ.

నాలుగో బిడ్డకి ఆ పేరు పెట్టలేదు. ఎల్నా అని పెట్టారు. ఇంటి పుస్తకంలో ఒక పేజీ ముందుకి తిప్పితే అట్టడుగున ఉంది ఎల్నా. ఉత్తర అమెరికాకి, 1886. వెండెల్ ముత్తవ్వ ఆవిడ. ఆ పేజీ నేను తిప్పనే లేదు.

"మరి ఈ సిస్సా ఎవరండీ?" అన్నాడు వెండెల్.

పాత పుస్తకాలన్నీ దించాను. మొదటి ఇద్దరు సిస్సాల మీదా గీత ఉంది. మూడో సిస్సా మీద ఎవరూ గీత కొట్టలేదు. పుస్తకం మారిన ప్రతిసారీ కొత్త పాస్టరు ఆ పేరు దించి రాసుకున్నాడు. పోనీ, పొరపాటు. కానీ ఆ పేరు పక్కన చదువు మార్కులు...? ఐదేళ్లప్పుడు అక్షరాలు. తొమ్మిదేళ్లప్పుడు కూడబలుక్కుని. పద్నాలుగేళ్లకి... ధారాళంగా.

గదిలో పులిసిన పాల వాసన వచ్చింది. అరల వెనక నుంచి సన్నగా ఒక గొంతు... అక్షరం అక్షరం కలుపుకుంటూ... పాఠం అప్పజెబుతున్నట్టు.

"ఇక్కడ ఇంకెవరైనా ఉన్నారా?" గుసగుసగా అడిగాడు.

"లేరు."

గొంతు ఆగింది. మళ్లీ మొదలైంది. ఈసారి కొంచెం దగ్గరగా.

ఆ పుస్తకాల దగ్గర పెన్ను తీస్తే చెయ్యి విరగ్గొడతానని ఎంతమందిని తిట్టానో! అదే చేత్తో పెన్ను తీసి సిస్సా మీద గీత కొట్టాను. సిరా అంటలేదు. నూనె పెనం మీద నీళ్లలా పూసలు కట్టి జారిపోయింది. మూడుసార్లు కొట్టాను. మూడుసార్లూ అంతే.

వెండెల్ కూతురికి ఫోన్ చేశాడు. "అమ్మా, ఆ పేరు మార్చెయ్. ఎల్నా అని పెట్టు."

అటు నుంచి నవ్వు. "చలికి నీ బుర్ర గడ్డకట్టిందా నాన్నా? ఇందాకే కదా ఏడ్చుకుంటూ పంపావ్! ఆ పేరే ఉంటుంది. పిలిస్తే కళ్లు కూడా తెరిచింది, తెలుసా?"

అతను ఎంత బతిమాలినా జానిన్ వినలేదు. ఎలా వింటుంది? ఏమని చెబుతాం? మర్నాడే విమానం ఎక్కి వెళ్లిపోయాడు. నేను రోజులు లెక్కపెట్టుకుంటూ ఇంట్లో కూర్చున్నాను. నా నోటితో నేనే ఇచ్చాను ఆ పేరు. వెనక్కి తీసుకునే దారి నాకు తెలీదు.

తొమ్మిదో రోజు సాయంత్రం ఫోన్ మోగింది.

"గుద్రూన్ గారూ... బతికే ఉంది."

"దేవుడా, నీ దయ! మరి అలా గుసగుసగా మాట్లాడతావేంటయ్యా?"

"జానిన్ పక్క గదిలో ఉంది. పిల్ల... బరువెక్కుతోందండీ."

"పసిపిల్లలు బరువెక్కరూ?"

"అలా కాదు. మొన్న నర్సు తూచింది. మూడు కిలోలే. పుట్టినప్పుడెంతో అంతే. నిన్న జానిన్ ఎత్తుకోబోతే చేతులు పడిపోయాయి. ఇందాక నేనూ అల్లుడూ చెరో పక్కా పట్టాం." అతను ఊపిరి తీసుకున్నాడు. "ఉయ్యాల్లోంచి లేవలేదు. ఊపితే మాత్రం దూదిలా ఊగుతోంది. ఎత్తబోతేనే... రావడంలేదు."

చావుల పుస్తకంలో జబ్బు పేరు లేని ఆ మూడు ఖాళీలూ గుర్తొచ్చాయి నాకు. ఫోన్‌లో దూరంగా జానిన్ పిలుపు వినపడింది.

"నాన్నా, ఒక్కసారి రా. ఇంకోసారి చూద్దాం. పాలకి ఏడుస్తోంది."