ఐదో చుక్కకు ఊదారంగు

ఏడో గొట్టాన్ని కామేశం వెలుగుపీట మీద నిలబెట్టాడు. అడుగున నాచుబూడిద నీళ్లు, పైన రంగులేని నూనె పొర. కొలమాని యంత్రం క్లోరిన్ నీటి కుళాయిని దాని మీదికి జరిపింది. పన్నెండు చుక్కలు పడతాయి, చుక్కకోసారి గొట్టం ఊగుతుంది, తర్వాత గంట. గంట మోగాక సాక్షి, అంటే కామేశం, నూనె రంగు చెప్పాలి. యంత్రాల కళ్లను ఇక్కడి ఆవిర్లు తినేస్తాయి గనక ఈ పని మనుషులకు మిగిలింది.

గోడకు నాలుగు గూళ్లు. పై గూట్లోని ఫ్లోరిన్‌ను ఎవరూ తెరవరు. దాని కింద పచ్చని క్లోరిన్ వాయువు, ఆ కింద ఎర్రని బ్రోమిన్ ద్రవం, అడుగున నల్లని పలుకులుగా అయొడిన్. కిందికి వచ్చేకొద్దీ రంగు చిక్కబడుతుంది, దూకుడు తగ్గుతుంది. అందరికీ ఒక్క ఎలక్ట్రానే తక్కువ. పైవాడు వస్తే కిందివాడు తన దగ్గరున్నది వదులుకోవాలి. మేడలో అద్దెకున్నవాళ్ల తగువులా ఉందని కామేశం భార్య మాణిక్యం నవ్వేది. పీట దగ్గర రెండో కుర్చీ ఆమెది. ఆమె పోయాక నాలుగు నెలలుగా కామేశం దానికి దుమ్ము తుడుస్తున్నాడు.

గుమ్మం దగ్గర మొగిలిపాలెం పోలమ్మ కూర్చుని ఉంది. వాళ్ల నాచులో అయొడిన్ లేదని రెండుసార్లు తేలింది. గొంతువాపు మందుకు అయొడిన్ ఇచ్చే తీరపు ఊళ్లకే మంచినీళ్లు. మూడోసారీ లేదంటే డెబ్బై ఇళ్లనూ సముద్రానికి దూరంగా లోనాటి గుమ్మటాల కిందికి తరలిస్తారు. అందుకే ఈసారి బూడిద తనే మోసుకొచ్చింది; ఏడో గొట్టంలో ఉన్నది అదే.

"ఆయమ్మ మొదటి సుక్క కాణ్ణించీ సూసేది బాబూ," అంది పోలమ్మ రెండో కుర్చీ వైపు చూస్తూ. "నువ్వు గంట మోగాక సూస్తన్నావు."

కామేశం గొట్టం వైపు తిరిగాడు.

మూడో చుక్కకు నూనె ఊదారంగు తిరిగింది, క్లోరిన్ విడిపించిన అయొడిన్ రంగు. నాలుగుకు చిక్కబడింది. ఐదుకు పలచబడసాగింది. క్లోరిన్ ఎక్కువైతే అయొడిన్‌ను రంగులేనిదిగా మార్చేస్తుంది, బ్రోమిన్ పసుపు మిగులుతుంది. గట్టి ఉప్పునీళ్లకు నిర్ణయించిన మోతాదు ఈ పలచని నీళ్లకు చాలా ఎక్కువ. రెండుసార్లూ గంట తర్వాత తను చూసింది ఆ పసుపే.

చేత్తో కుళాయి కట్టేశాడు.

మోతాదు పూర్తికాలేదని, సాక్ష్యం చెల్లదని కొలమాని చెప్పింది.

"ఊదా," అన్నాడు కామేశం. "అయొడిన్ ఉంది. ఇంతకుముందు నేను చెప్పిన రెండూ తప్పు. రాసుకో."

సాక్షి తన మాట వెనక్కి తీసుకుంటే, ఒంటరిగా చెప్పిన మూడువందల పన్నెండు సాక్ష్యాలూ రద్దవుతాయంది కొలమాని. అందులో పంతొమ్మిది ఊళ్లు ఇప్పటికే ఖాళీ అయ్యాయి. అతని స్థానం కూడా పోతుంది. ఖాయం చేయమంటారా అని అడిగింది.

పంతొమ్మిది. కామేశం ఊళ్ల పటంలో వాటి ఆరిన దీపాలు చూశాడు.

"ఖాయం."

గోడ మీది పటంలో ఆరిపోయిన దీపాలు ఒక్కొక్కటీ వెలిగాయి. గొట్టాల వరుస ఆగిపోయింది. ఇక్కడ సాక్షి ఎవరని కొలమాని అడుగుతూనే ఉంది.

అతను మాణిక్యం కుర్చీని పీట ముందుకు లాగి పోలమ్మను పిలిచాడు.

"ఇలా కూర్చో అమ్మా. చుక్కలు నేను వేస్తాను. రంగు నువ్వు చెప్పు."