చుక్కతో మొదలయ్యే ఫైలు

ఆ సోమవారం పొద్దున్న అతని చేతిలో ఉన్న సరుకు ఇంతే: టేబుల్ మీద కొత్త కంప్యూటరు, జేబులో పెన్‌డ్రైవు, అందులో తొమ్మిదేళ్లుగా కూడబెట్టిన పదకొండు వందల లైన్ల ఫైలు. వయసు ముప్పై. పెళ్లి మాట అడిగేవాళ్లు కూడా తగ్గిపోయారు.

పది నిమిషాల్లో తేలిందేమంటే, ఆ ఫైలు కూడా లేదు.

పుస్తకాల చివర వచ్చే పదసూచికలు తయారుచేయడం అతని పని. ఆఫీసులో అందరికీ అతను ‘ఇండెక్స్’. అతను వాడే టెక్స్ట్ ఎడిటర్ ఉత్త పలకలాంటిది. ఏ మీట నొక్కితే ఏం జరగాలో మనమే రాసిపెట్టుకోవాలి. ఆ రాతంతా ఆ ఫైల్లోనే ఉంది. ఒక మీటకి పదం పేజీ నంబరుతో సహా జాబితాలోకి ఎక్కుతుంది, ఇంకో మీటకి జాబితా అకారాదిగా సర్దుకుంటుంది. చేత్తో నాలుగు రోజుల పని అతనికి ఒక పూట.

ఇప్పుడేమో ఆఫీసు మొత్తానికి వేరే ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చిపడింది.

“నర్సింగు పుస్తకం సూచిక నాలుగింటికి ప్రెస్సుకి పోవాలి,” అన్నాడు యజమాని అద్దాల గదిలోంచి తల బయటపెట్టి. “లేదంటే పని బయటికిచ్చేస్తా. రేపట్నుంచి నువ్వూ అందరూ వాడేదే వాడు. నీ సొంత వైద్యాలు ఇక చాలు.”

కొత్త మెషీన్లు పెట్టడానికి హెడ్డాఫీసు నుంచి వచ్చిన సిస్టమ్స్ ఇంజినీరు పక్క టేబుల్ కింద వైర్లు కలుపుతోంది. అతను నేరుగా వెళ్లి నిలబడ్డాడు.

“నా పాత మెషీన్ ఏదండీ?”

“తుడిచేశాను.”

“ఎవర్నడిగి?”

“మిమ్మల్నే. శుక్రవారం మెయిల్ పెట్టాను. అన్నీ కాపీ చేసుకున్నానని జవాబిచ్చారు.”

“అన్నీ సెలెక్ట్ చేసే కాపీ కొట్టాను!”

“కనిపించేవన్నీ.” ఆమె టేబుల్ కింద నుంచి లేచింది. “పేరు ముందు చుక్క ఉన్న ఫైళ్లు ఆ సిస్టమ్‌లో కనిపించవు కదండీ. తెలీదా?”

తెలుసు. తొమ్మిదేళ్లుగా తెలుసు. తన ఫైలు పేరూ చుక్కతోనే మొదలవుతుంది.

అతని మొహం చూసి ఆమె నవ్వు ఆపుకుంది. “ఏడవకండి. తుడిచేముందు చుక్క ఫైళ్లు నేనే విడిగా దాస్తాను. అందరూ మర్చిపోయేవి అవే.”

అప్పుడు వినబడింది అతనికి, బయట వాన పడుతోందని.

ఫైలు కొత్త మెషీన్లో పెట్టగానే తెర నిండా ఎర్రటి ఎర్రర్లు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. అతను ఆమె భుజం మీదుగా చూస్తున్నాడు.

“ఫోల్డర్ల పేర్ల మధ్య గీత ఇక్కడ అటువైపు వాలాలి. వాలాల్సింది గీత, మీరు కాదు. కాస్త జరగండి.”

జరిగాడు. “మరి ఈ మీట పనిచెయ్యదేం?”

“దానికి ఈ సిస్టమ్‌లో ముందే సంబంధం కుదిరిపోయింది. ఇంకోటి చూసుకోండి.”

“నా వేలికి అలవాటండీ అది.”

“వేలికి నచ్చజెప్పండి.”

ఒంటిగంటకి ఎర్రర్లు మూడుకి దిగాయి. ఒంటిగంటన్నరకి ఒక్కటీ లేదు.

“412వ లైన్ మాత్రం నేను ముట్టుకోలేదు,” అంది ఆమె లేస్తూ. “ముట్టుకోవద్దని మీరే రాశారు.”

“ఏం రాశానండీ?”

“ముందు పని కానివ్వండి.”

వేళ్లు పరిగెత్తాయి. మూడూ నలభైకి యజమాని కాగితాలు అందుకుని, పదాలు ఏరి, పేజీలు తిప్పి సరిచూశాడు. నాలుగోసారి తిప్పబోయి మానుకున్నాడు.

“సరే. నీ వైద్యమే కానియ్.”

ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. అతను కుర్చీలో వెనక్కి వాలి, 412 తెరిచాడు. ప్రతి లైను పక్కన అదెందుకో చిన్న ముక్క రాసుకోవడం అతని అలవాటు. మూడేళ్ల కిందటిది అది: “అకారాది కుదరకపోతే హెడ్డాఫీసు సిస్టమ్స్ ఆవిడ ఫోన్లో చెప్పింది. మూడుసార్లు అడిగినా విసుక్కోలేదు. మొహం చూడలేదు. కనిపిస్తే టీ ఇప్పించాలి. ఈ లైన్ ముట్టుకోవద్దు.”

దాని కింద ఇవాళ్టి తేదీతో కొత్త ముక్క: “మొహం చూసి నాలుగు గంటలైంది. టీ రాలేదు.”

తలెత్తాడు. ఆమె అదేపనిగా వైర్లు చుడుతోంది.

“మీరేనా?”

“హెడ్డాఫీసులో సిస్టమ్స్‌కి ఇంకెవరున్నారు?”

“ఒక్క టీతో సరిపెట్టలేనండీ. రోజూ ఇప్పించమంటారా?”

“రోజూ అంటే ఎన్నాళ్లు?”

“ఆ ఫైలు ఉన్నన్నాళ్లు.”

“అది పోకుండా చూసేది నేను. ఆలోచించుకునే అంటున్నారా?”

“తొమ్మిదేళ్ల కష్టం మీ చేతిలో ఉందనగానే ఊపిరి వచ్చిందండీ. ఇంకేం ఆలోచించాలి?”

ఆమె వైరు చుట్టడం ఆపేసింది. చుట్టిందంతా జారి మళ్లీ కిందపడింది. దాన్ని అక్కడే వదిలేసి అద్దాల గది వైపు తిరిగింది.

“మావయ్యా!”

ఆఫీసులో ఆమె యజమానిని అలా పిలవడం అదే మొదటిసారి. అతను చటుక్కున కుర్చీలోంచి లేచాడు.

“అమ్మకి చెప్పు, ఆలస్యమవుతుందని. టీకి వెళ్తున్నా.”

యజమాని ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. “సూచికలో తప్పుల్లేవు. మనిషిలో ఉన్నాయేమో చూసుకోవే.”

“పదకొండు వందల లైన్లూ చదివాను మావయ్యా. ఉన్నవి దిద్దేశాను.”

“అయితే ఆదివారం ఇంటికి తీసుకురా. మీ అమ్మతో నే మాట్లాడతాలే.”

సాయంత్రానికి లెక్క తేలింది. పోయింది ఒక మీట. నిలబడ్డవి ఫైలు, పని. కొత్తగా దక్కింది ఆమె గొడుగు కింద సగం చోటు. ఆ సగంలో పట్టక అతని కుడి భుజం పూర్తిగా తడిసింది. దాన్నీ లాభంలోనే వేసుకున్నాడు.