మూర కొలిచే సోమమ్మ

అమీన్‌పూర్‌లో కొత్త ఇల్లు కట్టుకున్నాక నర్సింగ్‌కు హాల్లో ఒక గోడ బోసిగా మిగిలింది. దానికోసం భార్య శ్రీలత ఆయిల్ రంగులతో పూల మార్కెట్ బొమ్మ వేస్తోంది. ప్లాట్ల మ్యాపు తప్ప ఇంకో బొమ్మ చూసి ఎరగని మనిషి నర్సింగ్. దగ్గరికెళ్లి తొంగి చూశాడు. పసుపు ముద్దలు, నారింజ ముద్దలు, అంతే.

"ఏందే ఇది? మనుషులేరి?"

"దగ్గర నిలబడితే కనవడరు. జెర ఎనుకకు జరుగుండ్రి," అని నవ్వింది శ్రీలత. "ఎంత దూరం పోతె అంత మంచిగ కనవడ్తది."

వెనక్కి జరిగాడు. ముద్దలు గంపలయ్యాయి. గంపల వెనక ఒక ముసలమ్మ కూర్చుని ఉంది.

"పటాన్‌చెరు రోడ్డు మీద సోమమ్మ, యాదికుందా? మోచేతితోని మూర కొలిచి, పైనుంచి నాలుగు వేళ్లంత కొసరు ఇచ్చేది. పాపం, జేసీబీ కింద పడి సచ్చిపాయె."

యాదికి లేకపోవడమేంటి! ఆ మార్కెట్ వెనక జాగా కొన్నది అతనే. దానికి దారి చేయడానికి తెల్లవారకముందే మార్కెట్ మీదికి జేసీబీ తెప్పించిందీ అతనే. గంపల దగ్గర నుంచి ముసలిది కదలకపోతే, "పోనియ్, అదే లేస్తది," అని డ్రైవర్‌తో అన్నదీ అతనే. సోమమ్మ లేవలేదు. ప్రమాదమని అందరినీ నమ్మించి చేతులు దులుపుకున్నాడు. శ్రీలతకు తెలిస్తే ఆ పూటే ఇల్లు వదిలిపోతుంది.

మాపటికి ఆమె కూరగాయలకు వెళ్లింది. కరెంటు పోయింది. కిటికీలోంచి మసక వెలుతురుతో పాటు ఫ్యాక్టరీల ఘాటు వాసన లోపలికొస్తోంది. ముసలిదాన్ని గీకేసి చెయ్యి తగిలిందని చెబుదామని నర్సింగ్ వంటింటి కత్తి పట్టుకుని బొమ్మ ముందు నిలబడ్డాడు.

ఆమె ఎక్కడుందో దొరకలేదు. దగ్గర నుంచి అన్నీ ముద్దలే. ఆనవాలు పట్టుకుందామని వెనక్కి జరిగాడు. కనిపించింది. ముందుకొచ్చాడు. మాయం.

మళ్లీ వెనక్కి జరిగాడు. ఈసారి సోమమ్మ గంపల వెనక లేదు... గంపల ముందుంది.

ఇంకాస్త వెనక్కి... లేచి నిలబడింది.

ఘాటు వాసన పోయింది. తడి బంతిపూల వాసన. దానికింద డీజిల్ వాసన. తలుపు వైపు పరుగెత్తాడు. తిరిగి చూస్తే, దూరం పోయినకొద్దీ ఆమె కళ్లు కూడా తేటగా కనిపించాయి. తలుపు గడియ చేతికి అందింది. అంతలో వెనక, చెవి పక్కనే...

"నేను లేసిన బిడ్డా... ఇటు రా, కొలుస్త."

దగ్గరికెళ్తే కనబడదు! ఆ మాట ఒక్కటే గుర్తొచ్చింది అతనికి. కత్తి పారేసి బొమ్మ దగ్గరికే ఉరికాడు. బొమ్మకు ముఖం ఆనించి కళ్లు తెరుచుకుని నిలబడ్డాడు. ముద్దలు... ఒట్టి ముద్దలే... మెడ మీద ఏదో చల్లగా తగిలింది.

శ్రీలత వచ్చేసరికి కరెంటు వచ్చింది. నర్సింగ్ అలాగే బొమ్మకు ఆనుకుని ఉన్నాడు. భుజం పట్టి లాగితే కట్టెలా పడ్డాడు. మెడ చుట్టూ నారింజ రంగు చార. గొంతు దగ్గర ముడి, ముడి కింద నాలుగు వేళ్లంత కొసరు.

"ఓ అవ్వో!" అని అరుస్తూ తలుపు దాకా పోయి, అక్కడి నుంచి ఆమె బొమ్మను చూసింది. సోమమ్మ మళ్లీ గంపల వెనక కూర్చుంది. మోచెయ్యి చాచి ఇంకో మూర కొలుస్తోంది.

శ్రీలత ఆ ముసలమ్మకు చేతులు ఇంకా గీయనేలేదు.