ట్రేలు సర్దే దెయ్యం

లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో సెల్లారు స్టోరుగదికి చెడ్డపేరు. చీకటి పడితే ఎవరూ అందులోకి దిగరు. అక్కడ ముప్పై ఏళ్ళు పనిచేసిన స్టోరు పెద్దాయన పోయి ఏడాదైంది. పోయాడే గానీ... పని మాత్రం మానలేదట! నేను చూడలేదు. విన్నది విన్నట్టు చెప్తున్నాను, నమ్మేవాళ్ళు నమ్మండి.

పెద్దాయన పని చెప్పుకోవడానికి చిన్నదే. రేపు ఏ మెకానిక్ ఏ బిల్డింగుకి వెళ్ళాలో, అక్కడి లిఫ్టుకి ఏం రోగమో సాయంత్రం బోర్డు మీద రాస్తారు. తెల్లారేసరికి ఎవరి ట్రేలో వాళ్ళ సామాను సర్ది ఉండాలి. ఒక్క బోల్టు తక్కువైనా మెకానిక్ అంత దూరం నుంచి వెనక్కి రావాలి, ఆ బిల్డింగువాళ్ళు మెట్లెక్కుతూ తిట్టుకోవాలి. పెద్దాయన సర్దిన ట్రేతో వెళ్ళినవాడు వెనక్కి రాలేదని పేరు.

ఆయన పోయాక మెకానిక్‌లే తప్పులతడకగా సర్దుకుంటుంటే, ఆ పనిని సాఫ్ట్‌వేరుతో చేయిద్దామని యజమాని ఒక ప్రోగ్రామరమ్మాయిని పెట్టుకున్నాడు. ఉద్యోగం మానేసి ఆమె సొంతంగా పట్టుకున్న మొదటి పని ఇది. యజమానిని అడిగింది, మెకానిక్‌లను అడిగింది, ఫోన్లెత్తే అమ్మాయిని అడిగింది. పాత కాగితాలన్నీ తిరగేసింది. సాయంత్రం గది తుడిచే ఆవిడ "కాళ్ళు పైకెత్తమ్మా" అంటే తెర మీంచి చూపు తిప్పకుండానే ఎత్తేది. చివరికి, బోర్డు మీది జాబితా ఎక్కిస్తే చాలు, ఏ ట్రేలో ఏం పెట్టాలో చీటీ దానంతటదే అచ్చయ్యేలా చేసింది.

మొదటి చీటీ వచ్చింది. దాన్ని పట్టుకుని పొద్దున్నే స్టోరు తలుపు తీస్తే...

ట్రేలు అప్పటికే సర్ది ఉన్నాయి!

చీటీలో లేనివి కూడా ఉన్నాయి. పాత హోటలు ట్రేలో తలుపు చక్రాలు పెట్టమంది చీటీ. చక్రాల పక్కన ఒక బెల్టు కూడా ఉంది. మెకానిక్ వెళ్ళి చూస్తే — తెగింది బెల్టే.

"పెద్దాయనే... ఇంకెవరు?" అని గుసగుసలాడుకున్నారు మెకానిక్‌లు. ఒకడైతే ఖాళీ గదికి దణ్ణం కూడా పెట్టాడు.

మూడు వారాలు ఇదే తంతు. అందరికీ భయం వేసింది. ప్రోగ్రామరమ్మాయికి మాత్రం ఒళ్ళు మండింది. బతికున్నవాడితో అయితే పోటీ పడొచ్చు. పోయినవాడితో ఏం పడుతుంది? సెలవు పెట్టడు, అలసిపోడు, పైగా ఎవరు తలుచుకున్నా కళ్ళు తుడుచుకునే తలుచుకుంటారు. "పెద్దాయన ఉంటేనా!" అని ఎవరైనా అన్నప్పుడల్లా ఆమె కుళ్ళుకునేది. ఎనిమిది నెలల కష్టం! ఒక్కడు "బాగుందమ్మా" అన్న పాపాన పోలేదు.

ఆ సాయంత్రం యజమాని పిలిచి మెల్లగా అన్నాడు. "రేపొక్కరోజు చూస్తానమ్మా. మళ్ళీ నీ చీటీ తప్పై, ఆ ట్రేలే ఒప్పైతే... ఇక్కడితో ఆపేద్దాం."

ఆపేస్తే ఆమె ఇంకో గుమ్మం ఎక్కి పని అడగలేదు. దెయ్యం చేతిలో ఓడిపోయిన ప్రోగ్రామర్‌ని ఎవరు పెట్టుకుంటారు?

ఆ రాత్రి చీటీ చేతిలో పట్టుకుని సెల్లారులోకి దిగింది. అరల వెనక నక్కి కూర్చుంది.

పది దాటింది. లైటు లేదు. గ్రీజు వాసన. పైన ఎక్కడో తలుపు టపామని కొట్టుకుంది... మళ్ళీ నిశ్శబ్దం.

తాళం తిరిగిన చప్పుడు!

చెప్పుల్లేని అడుగులు... ఒకటి... ఇంకొకటి... నేరుగా అరల దగ్గరికే వస్తున్నాయి. ఆమె అరకి ఇంకా ఒదిగింది. ఊపిరి బిగబట్టింది. చీకట్లో ఎవరో సొరుగు లాగారు. ఇనుప సామాను గలగలమంది. తర్వాత గొణుగుడు, తడుముకుంటున్నట్టు...

"గాజు బిల్డింగు... మూడో లిఫ్టు... వాన పడిందిగా, నొక్కే మీటలు తడిసుంటాయి... ఇంకో రెండు మీటలు పెట్టాలి..."

అంత భయంలోనూ ఆమెకి మంటెత్తుకొచ్చింది. నా చీటీలో మీటల్లేవే! ఆగలేక ఒక్క ఉదుటున లేచి అరిచేసింది.

"ఎందుకు పెట్టాలి? ముందు అది చెప్పండి!"

"అమ్మో... దెయ్యం!" అని కెవ్వుమంది అవతలి గొంతు.

ఆడగొంతు!

లైటు వేసి చూస్తే — ట్రే గుండెలకి హత్తుకుని వణుకుతోంది, సాయంత్రం గదులు తుడిచే ఆవిడ.

"మీరా!"

"ఆయన భార్యని తల్లీ... ఆయన పోయాక సారే తాళాలిచ్చి నన్ను ఈ తుడిచే పనిలో పెట్టుకున్నారు. అది కూడా పోతుందా ఇప్పుడు?"

"ఇవన్నీ మీకెలా తెలుసు?"

ఆవిడ ట్రే కింద పెట్టింది.

"ఆయనకి రాత్రి తిన్నది పొద్దున గుర్తుండేది కాదమ్మా. బోర్డు మీద రాసింది కాగితం మీద ఎక్కించుకొచ్చేవాడు. అన్నం తింటూ చదివేవాడు. ఏ లిఫ్టుకి ఏం పెట్టాలో నేను చెప్పేదాన్ని. మర్నాడు మెకానిక్‌లు ఏమన్నారో వచ్చి చెప్పేవాడు. ఇప్పుడు గది తుడిచేటప్పుడు బోర్డు నేనే చూసుకుంటున్నా. ముప్పై ఏళ్ళు విన్నాను... గుర్తుండదా?"

ఇన్నాళ్ళూ కుళ్ళుకున్నది ఎవరి మీద! ప్రోగ్రామరమ్మాయి చీటీ తీసి ఆవిడ ముందు పరిచింది.

ఇద్దరూ నేల మీదే కూర్చున్నారు. పదకొండు ట్రేల్లో మూడు ఆవిడ మార్పించింది, ఎందుకో కూడా చెప్పింది. ఈమె ఒక్కొక్కటే సాఫ్ట్‌వేరులో ఎక్కించింది. ఒక దగ్గర మాత్రం ఆవిడే తను పెట్టిన వైరు తీసేసి, "ఇది నీదే కరెక్టు" అంది, మొహం చిన్నబుచ్చుకుని.

"ఇలా చాటుగా ఎందుకు పిన్నిగారూ? పగలే చెప్పొచ్చుగా?"

"పగలు చెప్తే వింటారా? ఆయన రోజూ ఇంటికొచ్చి 'ఇవాళ కూడా అందరూ నన్నే పొగిడారు' అని మీసం దువ్వుకునేవాడు. లోపల కుళ్ళి చచ్చేదాన్ని. ఆయన పోయాక నేనే సర్ది చూపిద్దామనుకున్నా. అసలు మనిషెవరో ఇప్పుడైనా తెలుస్తుందని..." ఆవిడ ట్రే పక్కకి తోసింది. "దాన్నీ ఆయనకే కట్టబెట్టారు! కనీసం దెయ్యమైనా నేనని ఎవరూ అనుకోలేదమ్మా."

తెల్లారింది. చీటీలో ఉన్నదీ ట్రేల్లో ఉన్నదీ అక్షరం తేడా లేదు. యజమాని రెండుసార్లు సరిచూసి భుజం తట్టాడు.

"శభాష్! ఎలా పట్టావమ్మా పెద్దాయన కిటుకు?"

"నేనే కనిపెట్టాను సార్" అనడం ఎంతసేపు? ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎనిమిది నెలలుగా ఎదురుచూసిన పొగడ్త... మొత్తం తనదే అయిపోతుంది. గుమ్మం అవతల, ఇంకా ఇంటికెళ్ళని ఆవిడ తుడుపుకర్ర చప్పుడు ఆగిపోయింది.

"ఇక్కడ దెయ్యం ఉన్నమాట నిజమే సార్," అంది. "రాత్రి కళ్ళారా చూశాను. కానీ అది పెద్దాయన కాదు."

మెకానిక్‌లు రెండడుగులు వెనక్కి వేశారు.

"మరి... ఎవరు?"

"ఆయన భార్య."

కొత్తగా చేరిన మెకానిక్ మొహం పాలిపోయింది. "అయ్యో... ఆవిడెప్పుడు పోయింది?" అన్నాడు గుసగుసగా.

"బతికే ఉన్నాను బాబూ," అంది వెనకనుంచి గొంతు. "అడిగినవాళ్ళే లేరు."